ప్రెషర్ కుక్కర్ సంవృత వ్యవస్థా, కాదా? అర మార్కు పోయింది

అరమార్కు_అభాగ్యుడు · ఆదివారం, రాత్రి 9:12
ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. మొన్న యూనిట్ టెస్టులో "వివృత, సంవృత, వివిక్త వ్యవస్థలకు ఒక్కొక్క ఉదాహరణ ఇవ్వండి" అని రెండు మార్కుల ప్రశ్న వచ్చింది. వివృతానికి మూతలేని గిన్నెలో కాగే టీ, సంవృతానికి ప్రెషర్ కుక్కర్, వివిక్తానికి థర్మాస్ ఫ్లాస్కు రాశాను. కుక్కర్ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి "విజిల్ రాదా?" అని రాసి అర మార్కు కోశారు.

సరే, విజిల్ వస్తే ఆవిరి బయటికి పోతుంది, ఒప్పుకున్నా. మరి ఫ్లాస్కుకి టిక్కు ఎలా పెట్టారు? మా అమ్మ పొద్దున ఆరింటికి పోసిన కాఫీ మధ్యాహ్నం నాన్న తాగేసరికి గోరువెచ్చగా ఉంటుంది. వేడి పోతోందనేగా? కుక్కర్ తప్పయితే ఫ్లాస్కు ఒప్పెలా అయింది? అర మార్కు కోసం అడగట్లేదు. (అబద్ధం. అందుకోసమే.)

గోదారోడు · రాత్రి 9:20
మా ఇల్లు వివృత వ్యవస్థండీ బాబూ. ఒకటో తారీఖున జీతం వస్తాది, ఐదో తారీఖుకి పోతాది. సరిహద్దు మా ఆవిడ.

పెద్దమాస్టారు · రాత్రి 9:41
నాయనా, నీ అనుమానం నీ పేపరు కన్నా బాగుంది.

పుస్తకంలో వాక్యం అందరికీ వచ్చు. పదార్థం, శక్తి రెండూ సరిహద్దు దాటితే వివృతం. శక్తి మాత్రమే దాటితే సంవృతం. రెండూ దాటకపోతే వివిక్తం. దానికి ముందు ఇంకో వాక్యం ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు: "విశ్లేషణ కోసం మనం ఎంచుకున్న విశ్వంలోని భాగమే వ్యవస్థ". ఎంచుకున్నది మనం. కుక్కర్ తనంతట తాను ఏ వ్యవస్థా కాదు. నువ్వు సుద్దముక్క పట్టుకొని గీత గీయాలి. ఆ గీత లోపలిది వ్యవస్థ, బయటిది పరిసరాలు. గీత ఎక్కడ గీశావో, ఎంతసేపు చూస్తావో చెప్పకుండా "ఇది ఏ రకం?" అంటే జవాబు ఉండదు.

కాబట్టి మీ సారు వేసిన ప్రశ్నకి నా ప్రశ్న: విజిల్ ఎన్నో నిమిషంలో వచ్చింది?

బాయిలర్_బాబాయ్ · రాత్రి 10:05
మాస్టారు సరిగ్గా పట్టుకున్నారు. థర్మల్ స్టేషన్‌లో ఇరవై నాలుగేళ్ళు చేశా, కుక్కర్ అంటే నాకు చిన్న బాయిలరే. స్టవ్ వెలిగించిన దగ్గర్నుంచి చూడండి.

మొదట వెయిట్ పెట్టరు. లోపలి గాలిని నెట్టుకుంటూ ఆవిరి సన్నగా బయటికి వస్తుంది. అప్పుడది వివృతమే. ఆవిరి బుస్సుమని నిలకడగా వచ్చాక వెయిట్ పెడతారు. అక్కడ్నుంచి మొదటి విజిల్ దాకా చుక్క లోపలికి పోదు, చుక్క బయటికి రాదు, వేడి మాత్రం అడుగు నుంచి ఎక్కుతూనే ఉంటుంది. అచ్చమైన సంవృత వ్యవస్థ. పీడనం వాతావరణం మీద ఇంకో వాతావరణం అంత పెరుగుతుంది, నీళ్ళు 120 డిగ్రీల దాపుల్లో ఉంటాయి. కందిపప్పు ఉడికేది అందుకే. వెయిట్ లేచింది, కూత వచ్చింది: ఆ పది సెకన్లు మళ్ళీ వివృతం. వెయిట్ కూర్చుంది: మళ్ళీ సంవృతం. స్టవ్ కట్టేశాక పీడనం దిగేదాకా సంవృతమే, కాకపోతే వేడి ఇప్పుడు బయటికి నడుస్తుంది.

అదే కుక్కర్‌లో వెయిట్ లేకుండా ఇడ్లీ పెడితే మొదట్నుంచి చివరిదాకా వివృతం. పాత్ర అదే, పొయ్యి అదే. అర మార్కు మీ సారు దగ్గరా ఉంది, నీ దగ్గరా ఉంది.

పాలమూరు_పిల్లగాడు · రాత్రి 10:18
మంచిగ చెప్పినవ్ బాబాయ్. గట్లయితే గ్యాస్ సిలిండర్ ఏ రకం? 14.2 కిలోల ఎర్ర బండ. మా హోటల్ల పెద్ద పొయ్యి మీద పెట్టి పెద్ద మంట ఇస్తే సిలిండర్ కింది భాగం మీద చెమట పడ్తది, ముట్టుకుంటే సల్లగ ఉంటది. మంట పెట్టేది పొయ్యి మీద, సల్లబడేది సిలిండర్. ఇదేం కత?

బాయిలర్_బాబాయ్ · రాత్రి 10:31
రెగ్యులేటర్ కట్టేసి ఉంటే సంవృతం. ఎండలో పెడితే వేడెక్కుతుంది, పీడనం పెరుగుతుంది, బరువు మారదు. నాబ్ తిప్పగానే వివృతం. లోపల ఉన్నది ద్రవం. పైనున్న గ్యాసు పొయ్యికి పోతే ఆ ఖాళీని నింపడానికి ద్రవం మరుగుతుంది. మరగడానికి వేడి కావాలి. నువ్వు ఇవ్వట్లేదు కాబట్టి తన ఒంట్లోంచీ, ఇనుములోంచీ, చుట్టూ గాలిలోంచీ లాక్కుంటుంది. పెద్ద మంటంటే గ్యాసు గబగబా పోతుంది, బయటి నుంచి వేడి అంత గబగబా రాలేదు, చల్లబడుతుంది. చెమట కింది భాగంలోనే ఎందుకంటే ద్రవం అక్కడే ఉంది కనక. తడిగుడ్డతో నిలువునా తుడిచి ఎక్కడిదాకా తడి నిలిచిందో చూసి గ్యాసెంత మిగిలిందో చెప్పే ఆడవాళ్ళు చేసేది ఈ లెక్కే.

పాలమూరు_పిల్లగాడు · రాత్రి 10:34
మా అవ్వ గట్లనే తుడుస్తది. నేను సిలిండర్ కడుగుతుందనుకున్న ఇన్నొద్దులు.

పెద్దమాస్టారు · సోమవారం, ఉదయం 6:10
ఇప్పుడు ఫ్లాస్కు. దీన్ని 1892లో జేమ్స్ డ్యూవర్ చేసింది కాఫీ కోసం కాదు, ద్రవీకరించిన వాయువులు మరిగిపోకుండా నిలవ ఉంచుకోవడానికి. రెండు గాజు గోడలు, మధ్య శూన్యం, గోడలకి వెండిపూత. శూన్యం వల్ల వహనం, సంవహనం ఆగుతాయి. వెండి వల్ల వికిరణం తిరిగి లోపలికే పోతుంది. మిగిలిన దొంగదారి మెడ, బిరడా. మీ అమ్మ కాఫీ అక్కడ్నుంచే చల్లారుతోంది.

అయితే ఫ్లాస్కు వివిక్తమేనా? రెండు నిమిషాల పనికి అవును. ప్రయోగశాలలో వేడి రాగి ముక్కని చన్నీళ్ళలో వేసి విశిష్టోష్ణం కట్టేటప్పుడు, ఆ కాసేపట్లో పోయే వేడి మన థర్మామీటరుకి కనపడనంత తక్కువ. కాబట్టి "వివిక్తం అనుకుందాం" అంటాం. ఆరు గంటల పనికి కాదు, అప్పుడది సంవృతం. బిరడా తీస్తే వివృతం. అసలైన వివిక్త వ్యవస్థని ఎవరూ చేయలేదు. ఘర్షణ లేని తలం లాంటిదే అది కూడా.

పంక్చర్_పరమేశం · ఉదయం 7:45
చిన్న సవరణ. ఇంత తిప్పుడు ఎందుకు? ఉష్ణబంధకం చుట్టేస్తే వేడి పోదు, రాదు. కాబట్టి ఉష్ణబంధకం చేసినదేదైనా వివిక్తమే. స్థిరోష్ణకం అన్నా వివిక్తం అన్నా ఒకటే.

పెద్దమాస్టారు · ఉదయం 8:02
పరమేశం గారూ, మీ పేరుని బట్టి పంపు మీ దగ్గరే ఉండాలి. మూతి వేలితో మూసి పిడిని ఒక్కసారి గట్టిగా కిందికి నొక్కండి. గొట్టం వేడెక్కుతుంది. అంత తొందరలో వేడి లోపలికి రాలేదు, పోలేదు. అంటే స్థిరోష్ణక ప్రక్రియ. మరి లోపలి గాలి ఎందుకు వేడెక్కింది? మీ చెయ్యి పని చేసింది. వేడి దాటకపోయినా పని దాటింది. పని కూడా శక్తే. వివిక్తం అనాలంటే వేడీ దాటకూడదు, పనీ దాటకూడదు, పదార్థమూ దాటకూడదు.

పంక్చర్_పరమేశం · ఉదయం 8:15
పంపు ఒప్పుకున్నా. పేరుకి షాపు లేదు, బీటెక్ ఉంది. సరే, పిస్టన్ లేని పెట్టె తీసుకోండి. గోడలు కదలవు, ఉష్ణబంధకం ఉంది. ఇప్పుడైనా వివిక్తమేనా?

పెద్దమాస్టారు · ఉదయం 8:40
గోడలోంచి కరెంటు తీగ వెళ్ళకపోతే. ఇది నా పాత ప్రశ్న, తరగతికి ఒకసారి వేసేవాణ్ణి. తలుపులు, కిటికీలు బిగించి, గోడలకి పక్కాగా ఉష్ణబంధకం చేసిన గది. లోపల ఫ్యాన్ తిరుగుతోంది. గంట తర్వాత గది చల్లబడుతుందా, వేడెక్కుతుందా?

గోదారోడు · ఉదయం 8:44
ఫ్యాన్ వేస్తే చల్లగా ఉంటాదండి. ఇది కూడా అడగాలా?

అరమార్కు_అభాగ్యుడు · ఉదయం 8:50
వేడెక్కుతుంది అనుకుంటా సార్. కానీ ఎంత?

పెద్దమాస్టారు · ఉదయం 9:20
కట్టు. నాలుగు మీటర్ల పొడవు, మూడు వెడల్పు, మూడు ఎత్తు: 36 ఘనపు మీటర్లు. గాలి ఘనపు మీటరుకి 1.2 కిలోలు, మొత్తం 43 కిలోలు. ఘనపరిమాణం మారదు కాబట్టి కిలో గాలిని ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 0.72 కిలోజౌల్స్. గది గాలంతా ఒక డిగ్రీ పెరగడానికి 31. ఫ్యాన్ 75 వాట్లు, గంటకి 270 కిలోజౌల్స్. గాలి ఊగిసలాట చివరికి వేడిగానే మిగులుతుంది. 270ని 31తో భాగించు: దాదాపు తొమ్మిది డిగ్రీలు! బల్ల, మంచం, గోడలు కొంత తాగుతాయి కాబట్టి నిజంగా అంత పెరగదు, కానీ పెరగడం ఖాయం. గోదారోడు గారికి చల్లగా అనిపించేది చెమట ఆరడం వల్ల. గదిలో మనిషి లేకపోతే ఫ్యాన్ హీటరే.

ఈ గది సంవృత వ్యవస్థ. వేడి దాటలేదు, తీగలోంచి విద్యుత్ పని దాటింది.

ఇప్పుడు తీగ కోసేసి ఫ్యాన్‌ని లోపలే ఉన్న బ్యాటరీకి తగిలించండి. గీత బ్యాటరీని కలుపుకొని గీయండి. గది వివిక్తం అయిపోయింది. అయినా వేడెక్కుతుంది! మొత్తం అంతర్గత శక్తి ఒక్క జౌల్ కూడా మారలేదు. బ్యాటరీలో రసాయన రూపంలో ఉన్నది గాలిలో వేడిగా మారింది, అంతే. "వివిక్త వ్యవస్థలో ఉష్ణోగ్రత మారదు" అని రాసే పిల్లలు ప్రతి ఏడూ కనీసం పదిమంది ఉండేవాళ్ళు. మారనిది శక్తి. ఉష్ణోగ్రత కాదు.

పంక్చర్_పరమేశం · ఉదయం 9:31
బ్యాటరీ దెబ్బకి గాలి పోయింది. పంక్చర్.

బాయిలర్_బాబాయ్ · మధ్యాహ్నం 1:15
భోజనం బ్రేక్‌లో రాస్తున్నా. ఉద్యోగానికి వచ్చేవాళ్ళు అందరూ తడబడేది వివృత వ్యవస్థ దగ్గరే. పదార్థం దాటితే దానితో పాటు శక్తి కూడా దాటుతుంది, ఇది తెలుసు. ఎంత దాటుతుంది? అంతర్గత శక్తి ఒక్కటే కాదు. లోపలికి వచ్చే ఆవిరిని వెనకనున్న ఆవిరి నెట్టాలి కదా, ఆ నెట్టుడు కూడా లెక్కలోకి రావాలి. అందుకే మేము అంతర్గత శక్తినీ, ఆ నెట్టుడునీ కలిపిన ఎంథాల్పీ వాడతాం.

ఒక కిలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర ఆవిరి కావడానికి 2,257 కిలోజౌల్స్ కావాలి. ఒక లీటరు నీరు దాదాపు 1,670 లీటర్ల ఆవిరి అవుతుంది. ఆ చోటు కోసం వాతావరణాన్ని పక్కకి నెట్టడానికే సుమారు 170 కిలోజౌల్స్ పోతాయి. మిగతాది అణువుల్ని విడదీయడానికి. టీ గిన్నె కూడా పని చేస్తోందన్నమాట, మీ వంటింటి గాలిని నెడుతూ.

మా ప్లాంటు మీద గీత గీయండి. టర్బైన్ ఒక్కదాని చుట్టూ గీస్తే వివృతం: ఒక పక్క ఆవిరి వస్తుంది, ఇంకో పక్క పోతుంది. బాయిలర్ గొట్టాలు, టర్బైన్, కండెన్సర్, పంపు అన్నిటిలో తిరిగే నీళ్ళ చుట్టూ గీస్తే సంవృతం: అవే నీళ్ళు ఆవిరై, పని చేసి, మళ్ళీ నీళ్ళై తిరుగుతాయి. స్టేషన్ ప్రహరీ చుట్టూ గీస్తే మళ్ళీ వివృతం: బొగ్గు వస్తుంది, బూడిద, పొగ పోతాయి. నీళ్ళు తిరిగే ఆ సంవృతం కూడా పుస్తకంలో ఉన్నంత శుభ్రంగా ఉండదు. లీకులకీ, బ్లోడౌన్‌కీ (లవణాలు పేరుకున్న నీళ్ళని బాయిలర్‌లోంచి వదిలేయడం) వందకి ఒకటి రెండు పాళ్ళు కొత్త నీళ్ళు కలుపుతూనే ఉండాలి.

కర్నూలు_మేడమ్ · సాయంత్రం 4:50
మీరందరూ కుక్కర్ పట్టుకున్నారు, మా వంటింట్లో ఇంకా మంచి వివృత వ్యవస్థ ఉంది. నీళ్ళ కుండ. ఈరోజు సెలవు, ఊరికే కూర్చోలేక కాటా మీద పెట్టినాను. ఇంట్లో వాళ్ళు నవ్వినారు, నవ్వనీలే అనుకున్నాను.

బాగా నానిన కుండ, ఐదు లీటర్ల నీళ్ళు, వరండాలో నీడ. మధ్యాహ్నం రెండింటికి నీళ్ళు 36 డిగ్రీలు, బయట 40. నాలుగింటికి నీళ్ళు 29. బరువు 110 గ్రాములు తగ్గింది. ఆ ఉష్ణోగ్రతల దగ్గర గ్రాము నీరు ఆవిరి కావాలంటే రమారమి 2.43 కిలోజౌల్స్. 110 గ్రాములకి 267. ఐదు కిలోల నీళ్ళు ఏడు డిగ్రీలు తగ్గాలంటే 146 చాలు. (మట్టిది కూడా కొంచెం కలపాల, వదిలేసినాను.) మిగిలిన 120 ఏమైనట్టు? బయటి వేడిగాలి లోపలికి తోసింది. అంటే కుండ ఒక చేత్తో వేడిని బయటికి పంపిస్తా ఉంటే, ఇంకో పక్క ఎండాకాలం లోపలికి పంపిస్తా ఉంది. గెలిచింది కుండ.

బందరు_బుల్లోడు · సాయంత్రం 5:20
మేడమ్ గారూ, మీది కర్నూలు కాబట్టి గెలిచింది. మా బందరులో కుండ పెట్టి చూడండి. గాలంతా తడే, ఆవిరి పోవడానికి చోటేదండీ? ఉక్కపోతలో కుండ కూడా మనలాగే ఉసూరుమంటుంది.

కర్నూలు_మేడమ్ · సాయంత్రం 5:32
నిజమే. వివృతమంటే తలుపు తీసి ఉందని మాత్రమే, పోతుందని హామీ కాదు. బయట చోటు ఉండాల. రేపు ఇంకోటి చేస్తాను: అట్లాంటి కుండకే పాలిథీన్ కవర్ చుట్టి, మూతి కట్టి పక్కన పెడతాను. వివృతాన్ని సంవృతం చేస్తే ఏమవుతుందో చూద్దాం.

తెలుగుపంతులు · రాత్రి 8:05
భౌతికశాస్త్రం నాకు రాదు, మాటలు వచ్చు. వివృత, సంవృత అని చూసి ఆగాను. మా వ్యాకరణంలోనూ ఇవే మాటలు: నోరు తెరిచి పలికితే వివృతం, మూసి పలికితే సంవృతం. పాణిని అష్టాధ్యాయి చిట్టచివరి సూత్రం "అ అ". శాస్త్రంలో పని జరగడానికి అకారాన్ని వివృతంగా పెట్టుకొని, పుస్తకం ముగిసేటప్పుడు "పలికేటప్పుడు మాత్రం సంవృతమే" అని తిరిగి అప్పజెప్పాడు. లెక్క కోసం ఒకటి అనుకొని, అది అనుకున్నదేనని చివర చెప్పడం. మీ మాస్టారు ఫ్లాస్కు గురించి అన్నది అదే కదా?

ఇంకొకటి. కొందరు "వివిక్త" బదులు "వియుక్త" అని రాస్తున్నారు. వియుక్తమంటే విడిపోయినది, వివిక్తమంటే ఏకాంతంగా ఉన్నది. ఇక్కడ రెండోదే అందం.

పెద్దమాస్టారు · రాత్రి 8:20
పంతులుగారూ, నమస్కారం. ఈ పోలిక నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడు తట్టి ఉంటే ముప్ఫై ఏళ్ళు వాడుకునేవాణ్ణి.

డాలస్_నుంచి · రాత్రి 11:50
ఇక్కడ పగలు. భూమిని ఎవరూ గీయలేదేంటి? సూర్యుడి నుంచి వాతావరణం పైన చదరపు మీటరుకి 1,361 వాట్లు వస్తుంది, దాదాపు అంతా మళ్ళీ ఆకాశంలోకి పోతుంది. పదార్థం రాకపోకలు పెద్దగా లేవు. సంవృతం అనొచ్చా? ఇంకా పెద్ద ప్రశ్న: విశ్వం వివిక్తమా?

పెద్దమాస్టారు · మంగళవారం, ఉదయం 6:25
భూమి సంవృతం అంటే తప్పు పట్టను. ఉల్కల దుమ్ము రాలుతుంది, పైనుంచి హైడ్రోజన్ జారిపోతుంది. కానీ మొత్తం బరువు ముందు అది లెక్కలోకి రాదు. వాతావరణం పుట్టుక గురించి కోట్ల ఏళ్ళ కథ చెప్పేవాళ్ళకి మాత్రం ఆ హైడ్రోజనే ముఖ్యం, వాళ్ళు వివృతం అంటారు. మళ్ళీ "ఎంతసేపు" అన్న ప్రశ్నే.

విశ్వం సంగతి: 1865లో క్లాసియస్ ఎంట్రోపీ (గందరగోళానికి కొలత అనుకోండి) అనే మాట పుట్టించిన వ్యాసాన్ని ముగిస్తూ, విశ్వంలో శక్తి స్థిరం, ఎంట్రోపీ గరిష్ఠం వైపు పోతుంది అన్నాడు. అలా అనాలంటే విశ్వాన్ని వివిక్తం అనుకోవాలి. మన పాఠంలో "విశ్వం" అంటే వ్యవస్థ, పరిసరాలు కలిపి. అంతవరకూ నిర్వచనం ప్రకారం వివిక్తమే. నక్షత్రాలూ, వ్యాకోచించే అంతరిక్షమూ ఉన్న విశ్వానికి బయట అంటూ ఉందా, గీత ఎక్కడ గీయాలి అంటే, నా సుద్దముక్క అంత దూరం పోదు.

గోదారోడు · ఉదయం 7:02
ఎంట్రోపీ పెరుగుద్దంటే నేను బతికున్నానేంటండీ మరి? నా లోపలన్నీ బాగానే సర్దుకొని ఉన్నాయి కదా.

పెద్దమాస్టారు · ఉదయం 7:15
మీరు వివిక్తం కాదు కాబట్టి. పెసరట్టు లోపలికి వెళ్తోంది, వేడి, చెమట, ఊపిరి బయటికి వస్తున్నాయి. మీ లోపల సర్దుకుంటున్న దానికి మించిన గందరగోళాన్ని పరిసరాలకి పంపుతున్నారు. సమతాస్థితికి దూరంగా ఉన్న ఇలాంటి వివృత వ్యవస్థల్లో క్రమం ఎలా పుడుతుందో చూపినందుకే ఇల్యా ప్రిగోజిన్‌కి 1977లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

గోదారోడు · ఉదయం 7:18
గందరగోళం పరిసరాలకి పంపుతున్నానని మా ఆవిడ కూడా అంటాదండి, నోబెల్ మాత్రం రాలేదు.

అరమార్కు_అభాగ్యుడు · సాయంత్రం 6:40
సార్ దగ్గరికి వెళ్ళాను. బాయిలర్ బాబాయ్ గారు చెప్పినట్టే వరసగా చెప్పాను: వెయిట్ పెట్టకముందు, పెట్టాక, కూత వచ్చినప్పుడు. సార్ చివరిదాకా విన్నారు. "వెయిట్ పెట్టాక, విజిల్ వచ్చేలోపు అని రాసుంటే ఒకటిన్నర కాదు, రెండూ వేసేవాణ్ణి. నువ్వు రాసింది ఒక్క మాట. మాటకి కాలం లేదు" అన్నారు. ఫ్లాస్కు గురించి కూడా అడిగా. పేపరు తీసుకొని టిక్కు వంక చూశారు. నాకు భయమేసి వచ్చేశా, ఉన్న అర మార్కు కూడా పోతుందని.

కర్నూలు_మేడమ్ · రాత్రి 7:10
మంచి పని చేసినావు నాయనా, పేపరు లాక్కొని వచ్చేసేయాల్సింది.

నా రెండో కుండ సంగతి. అదే సైజు, అన్నే నీళ్ళు, కవర్ చుట్టి మూతి దగ్గర దారంతో ముడి వేసినాను. రెండింటికి 36 డిగ్రీలు. నాలుగింటికి 37. పక్కనున్న మామూలు కుండ 29కి దిగింది, నిన్నటి మాదిరే. కవర్ లోపలి పక్క అంతా నీటి బొట్లు. ఆవిరి కుండ దాటింది, నా గీత దాటలేదు.

అరమార్కు_అభాగ్యుడు · రాత్రి 7:14
సూపర్ మేడమ్. బరువు అస్సలు తగ్గలేదా?

కర్నూలు_మేడమ్ · రాత్రి 7:21
5 గ్రాములు తగ్గింది. ముడి సరిగా పడలేదు.